‘గ’ అని విన్నవాడు

ఉప్పలమ్మ చేసిన ఫోన్‌ను రత్నాకర్ మళ్లీ కట్ చేశాడు. పోయిన వారం మనం ఆ మాట దగ్గరే ఆగాం. కట్ చేసిన ప్రతిసారీ వెంటనే ఒక మెసేజ్ మాత్రం వచ్చేది: ‘మీటింగ్‌ల ఉన్న ఆంటీ, తర్వాత చేస్తా.’ ఆ ‘తర్వాత’ ఎన్నడూ రాలేదు. చివరికి ఉప్పలమ్మ తార్నాకలో తమ ఇంటి వంటగదిలో కూతుర్ని నిలబెట్టి అడిగేసింది.

“నాతోని ఒక్క మాట మాట్లాడనోడు నాకు అల్లుడెట్లయితడే వాసంతీ?”

వాసంతి దగ్గర ఒక అనుమానం మాత్రం ఉంది. దాన్ని పైకి అనడానికి నోరు రాలేదు. రత్నాకర్ వాళ్లది జనగామ పక్కన వ్యవసాయం చేసుకునే ఇల్లు. వీళ్లది మెట్టుగూడ చర్చికి పోయే రైల్వే కుటుంబం. యూనివర్సిటీలో వాసంతికీ అతనికీ పరిచయమైనప్పటి నుంచీ ఆ తేడా వాళ్ల మధ్యకు ఎన్నడూ రాలేదు. క్రిస్మస్‌కు రత్నాకర్ తల్లి సమ్మక్క నువ్వుల లడ్డూలు చేసి పంపింది కూడా. మరి పెళ్లి మాట దగ్గరపడేసరికి అతనికి ఆ తేడా గుర్తొచ్చిందా? అదే అయితే ముఖం మీద చెప్పెయ్యొచ్చు కదా? ఇవాళ ఎట్లాగైనా అడిగేద్దామనుకుని వాసంతి క్యాంపస్‌కు బయలుదేరింది.

వేపచెట్ల కింద పోటీ పరీక్షలకు చదివేవాళ్లు అప్పటికే పుస్తకాలు పరుచుకుని కూర్చున్నారు. వాళ్లను దాటుకుని ఆమె తన ల్యాబ్‌లోకి వచ్చేసరికి రత్నాకర్ అక్కడే ఉన్నాడు. భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో సమోసాల పొట్లం.

“తినెయ్. చల్లారితే బాగుండది,” అన్నాడు.

“ఆకలి లేదు.”

“ఉత్తదే. నీ మొఖం చెప్తున్నది.”

పొద్దున తను తినకుండా వస్తుందని గుర్తుపెట్టుకుని సమోసాలు తెచ్చే మనిషితో గొడవ ఎక్కడ మొదలుపెట్టాలో వాసంతికి తోచలేదు. ముందు పని కానిద్దాం, తర్వాత అడుగుదాం అనుకుంది. పొట్లాన్ని విప్పకుండానే బల్ల చివరకు జరిపింది.

ఆ పని గురించి కొత్తగా చదువుతున్నవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. మనిషి మాటను ఎలా వింటాడన్నది వాసంతి పరిశోధన. రత్నాకర్ కంప్యూటర్ విభాగంలో పరిశోధకుడు. ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి, చాలా కంప్యూటర్లకు పంచి, అన్నిటితోనూ ఒకేసారి చేయించడం అతని విద్య. ఇద్దరూ కలిసి మనిషిలాగా మాట వినే ప్రోగ్రాం ఒకటి తయారుచేస్తున్నారు. అందులో ఒక గుంపు కంప్యూటర్లు శబ్దాన్ని చూసుకుంటాయి. ఇంకో గుంపు పెదాల కదలికను చూసుకుంటుంది. మరో గుంపు అప్పటిదాకా నడిచిన మాటను బట్టి రాబోయే మాటను ఊహిస్తుంది. మొదట్లో ఒక గుంపు తన పని ముగించుకుని మిగతావాటి కోసం ఊరికే ఎదురుచూడ్డంతో అంతా నత్తనడక నడిచింది. ఎవరూ ఎవరి కోసం ఆగొద్దు, చేతికందిన సగం మాటతోనే ముందుకు పోవాలి, తప్పయితే వెనక్కొచ్చి దిద్దుకోవాలి అని దారి చూపింది రత్నాకరే. ఈ ఆలోచన ఎట్లా తట్టిందయ్యా అని గైడ్ కమలాదేవి మేడమ్ మెచ్చుకుంటే అతను నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు ఆ ప్రోగ్రాంతో పోల్చడానికి నిజం మనుషులు కావాలి. వాళ్లకు చూపించే వీడియోలు రత్నాకర్ తయారుచేసి తెచ్చాడు. వాటిలో ఒక మాయ ఉంది. చెవికి ‘బ’ అని వినిపిస్తుంది, తెర మీద నోరు మాత్రం ‘గ’ అంటుంది. విన్నవాళ్లలో చాలామంది ఈ రెండూ కాకుండా ‘ద’ అని విన్నామంటారు. చెవి ఒకటి చెప్తుంది, కన్ను ఒకటి చెప్తుంది, లోపల మనసు ఇద్దరికీ రాజీ కుదురుస్తుంది.

“శబ్దానికి నోరు సరిగ్గ కలిసిందో లేదో ఒకసారి చూడాలె. నువ్వే కూర్చో,” అంది వాసంతి.

“మీ జూనియర్లను కూర్చోబెట్టరాదు?”

“వాళ్లందరు సెమినార్‌కు పోయిండ్రు. సాయంత్రం వరకు మేడమ్‌కు పంపాలె. నడువు.”

రత్నాకర్ ఒక్క క్షణం తలుపు వైపు చూశాడు. ఇన్నాళ్లలో అతను వినికిడి పరీక్ష గదిలో వినేవాడిగా ఎప్పుడూ కూర్చోలేదని వాసంతికి అప్పుడే గుర్తొచ్చింది. ప్రతిసారీ ఏదో ఒక పని ఉండేది. సర్వర్ ఆగిపోయిందనేవాడు, లేకపోతే ఊరి నుంచి వచ్చిన అన్నను బస్సెక్కించాలనేవాడు. ఇవాళ ఏ సాకూ దొరకక లేచి లోపలికి వెళ్లాడు.

గోడలకు మెత్తటి దిండ్లు అతికించిన చిన్న గది అది. బయటి చప్పుడు ఒక్కటి కూడా లోపలికి రాదు. ఒక గోడకు అటూ ఇటూ కనిపించే పెద్ద గాజు అద్దం. అద్దం అవతల కుర్చీ, తెర, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు. ఇవతల వాసంతి, ఆమె ముందు మైకు, లోపలి మాట వినిపించే స్పీకరు.

మొదటి వీడియో పెట్టింది. చెవికి ‘బ’, కంటికి ‘గ’.

“గ,” అన్నాడు రత్నాకర్ తడుముకోకుండా.

వాసంతి తలెత్తింది. మళ్లీ పెట్టింది. మళ్లీ ‘గ’. ఏదో ఒక ఫైలు తేడా అయి ఉంటుందనుకుని ఇంకొకటి పెట్టింది. దాంట్లో చెవికి ‘గ’, కంటికి ‘బ’.

“బ.”

శబ్దమే పోవడం లేదేమోననుకుంది. తన దగ్గరున్న హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి వీడియోనే మళ్లీ విన్నది. తెర చూస్తూ వింటే ‘ద’ అనే వినిపించింది. కళ్లు మూసుకుంటే శుభ్రంగా ‘బ’. వీడియోలో ఏ లోపమూ లేదు.

ఆమె తెరను ఆపేసి, ఉత్త శబ్దం మాత్రమే పంపింది. వెనక కొంచెం బజారు రొద కలిపింది.

రత్నాకర్ నల్లటి తెరను చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, “ద... కాదు, గ,” అన్నాడు. ఆ తర్వాత, “వీడియో రాలే వాసంతీ, కేబుల్ చూడు,” అన్నాడు. నిజానికి హెడ్‌ఫోన్లలోకి వెళ్తున్నది ‘మ’.

వాసంతి చేతులు బల్ల మీద ఆగిపోయాయి. ఒక సంగతి ఆమె మనసులో మెదిలింది. అది నిజం కాకూడదనుకుంది. కానీ చూడకుండా ఉండలేకపోయింది. దుమ్ముకు ముక్కు మూసుకుంటున్నట్టుగా చున్నీ అంచును నోటికి అడ్డం పెట్టుకుంది. మైకు బటన్ నొక్కింది. అవతల హెడ్‌ఫోన్లలోకి మాట పోతున్నట్టు ఆకుపచ్చ దీపం వెలిగింది.

“రత్నాకర్, మా అమ్మ ఫోన్ ఎందుకెత్తలే?”

అతను అద్దంలోంచి ఆమె వైపు చూసి నవ్వాడు. బొటనవేలు పైకెత్తి చూపించాడు.

వాసంతి మళ్లీ బటన్ నొక్కింది. “నన్ను చేసుకునుడు నీకు ఇష్టం లేదా?”

“ఆఁ, రెడీ. కానీయ్,” అన్నాడు రత్నాకర్, అదే నవ్వుతో.

ఆమె చున్నీ తీసేసింది. ఆమె కళ్లు చూడగానే అతని నవ్వు మెల్లగా చెరిగిపోయింది. ఏం జరిగిందో అతనికీ అర్థమయింది. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. మామూలుగా అతను తల వంచుకునే మనిషి కాదు. ఎవరు మాట్లాడినా ముఖంలోకి చూస్తూ వినేవాడు. ఎంత మర్యాద ఈ పిల్లగానికి అని డిపార్ట్‌మెంటులో అందరూ అనేవారు.

వాసంతి తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది. అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. అతను తలెత్తేదాకా ఆగింది. ఎత్తాక అడిగింది.

“ఎప్పటిసంది?”

“ఏది?”

“తెల్వనట్టు అడగకు.”

రత్నాకర్ ఒళ్లో ఉన్న హెడ్‌ఫోన్ల వైరును వేలికి చుట్టుకున్నాడు. ఆ గదిలో నిశ్శబ్దం వేరుగా ఉంటుంది. మన ఊపిరి మనకే వినిపిస్తుంది. ఆ ఊపిరి కూడా అతనికి వినిపించదు కాబోలునని వాసంతికి తోచింది.

“చిన్నగున్నప్పుడు ఊర్ల జ్వరమొచ్చింది,” అన్నాడు చివరికి. “తగ్గింది గని ఎడమ చెవి పోయింది. మా నాయిన లక్ష్మయ్య ఎవరడిగినా పోరనికి పరాకు అని చెప్పేది. కుడి చెవి బాగనే ఉండె. డిగ్రీలకొచ్చినంక అది గూడ మెల్లగ తగ్గుకుంట వచ్చింది. మాట వస్తున్నదని తెలుస్తది. ఏం మాటనో తెల్వది. అంతా గుజ్జు గుజ్జు.”

“చెవికి పెట్టుకునే మిషిన్?”

“ఉన్నది. బ్యాగుల ఉన్నది. పెట్టుకుంటే బస్సు హారన్ బిగ్గరగ వినబడ్తది, మాట మాత్రం గంతే. పెదాలు చూస్తనే నాకు మాట. నువ్వు ఎదురుంగ ఉంటే పూరా అర్థమైతది. ఫోన్‌ల పెదాలు ఉండయి కద.”

అంత మామూలుగా చెప్పాడు. వాసంతికి ఏడుపు, కోపం ఒకేసారి ముంచుకొచ్చాయి. కోపమే ముందు బయటపడింది.

“మీ ఇంట్ల మా మతం అడ్డమొచ్చిందేమో, నాకు చెప్పలేక తప్పించుకుంటున్నవేమో అని నేను ఎంత కుమిలిన్నో ఎరుకనా నీకు? మా అమ్మ నిన్ను పొగరుబోతు అంటే, కాదమ్మా అనేటందుకు నా దగ్గర ఒక్క ముక్క లేకపాయె!”

రత్నాకర్ ముఖం పాలిపోయింది. “మతమా? గట్లనుకున్నవా?”

“ఇంకేమనుకోవాలె?”

“పొగరనుకుంటరు, అనుకోనీ అనుకున్న. పొగరుబోతు అంటే ఓర్చుకోవచ్చు. చెవిటోడు అంటే...” అతను ఆగాడు. “ఇంటర్వ్యూ ఫోన్‌ల అన్నరని బెంగళూరు ఉద్యోగం ఇడిసిపెట్టిన. హాస్టల్‌ల ఎవ్వనికి తెల్వది. అలవాటైపోయింది, వాసంతీ.”

“నాకు చెప్పేటందుకేమైంది? నా చదువే గిది!”

“అందుకే చెప్పలే,” అన్నాడు. ఈసారి అతని గొంతు కొంచెం గట్టిగా వచ్చింది. “ఈ గదిలకొచ్చే మనుషులను నువ్వెట్ల చూస్తవో నేను చూసిన. మంచిగనే చూస్తవ్. నీళ్లిస్తవ్, అలసిపోయిండ్రా అని అడుగుతవ్. గని అద్దం అవతలి నుంచి చూస్తవ్. నా దిక్కు గట్ల చూడొద్దనుకున్న. గంతే.”

వాసంతికి అతను అన్నదాంట్లో అబద్ధం కనిపించలేదు. అద్దం అవతల కూర్చున్నవాళ్లకు ఆమె కాగితం మీద పేరు కూడా రాయదు. నంబరు వేస్తుంది. పక్కనే తిరుగుతున్న మనిషిని మాత్రం ఇన్నాళ్లూ ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు. క్యాంటీన్‌లో ఎప్పుడూ గోడకు ఆనుకుని, అందరి ముఖాలూ కనిపించే మూల కుర్చీలోనే కూర్చునేవాడు. గుంపులో జోక్ వేస్తే అందరికంటే ఒక అర క్షణం ఆలస్యంగా నవ్వేవాడు. సినిమాకు పోదామంటే ఇంగ్లీషు అక్షరాలు కింద పడే సినిమాలే ఏరేవాడు. ఇవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి.

“ఆ ప్రోగ్రాం...” అంది మెల్లగా. “ఆగకుంట, సగం మాటతోనే ముందుకు పోవుడు, తప్పయితే ఎన్కకొచ్చి దిద్దుకునుడు. ఆ ఆలోచన ఎట్లొచ్చిందని మేడమ్ అడిగింది కద?”

“ఆలోచన ఏంది వాసంతీ. నేను బతికేదే గట్ల,” అన్నాడు రత్నాకర్. “చెవికి జరంత అందుతది. కంటికి జరంత. మిగిలింది ఊహ. అన్నీ ఒక్కసారే నడవాలె. ఒక్కటి ఆగినా మాట దాటిపోతది. తప్పు పట్టుకుంటే నవ్వుకుంట సర్దుకుంట. దాన్నే కంప్యూటర్‌కు నేర్పిన. అండ్ల నా గొప్పేం లేదు.”

వాసంతి లోపల గుచ్చుకుంటున్న అసలు ప్రశ్న అడిగేసింది. అడగడానికి సిగ్గేసింది కానీ ఆపుకోలేకపోయింది.

“నేను మాట్లాడుతుంటే నువ్వు రెప్ప కొట్టకుంట నా మొఖం చూస్తుంటవ్. నేను దాన్ని... వేరే అనుకున్న. అది పెదాల కోసమేనా?”

రత్నాకర్ నవ్వాడు. ఈసారిది తప్పు కప్పిపుచ్చుకునే నవ్వు కాదు.

“మొదట్ల మాట కోసమే చూసిన. అబద్ధమెందుకు. తర్వాత్తర్వాత నీ మాట అయిపోయినా చూస్తనే ఉన్న. అదేందో నాకు గూడ సమజ్ కాలే కొన్ని రోజులు.”

వాసంతి నవ్వింది. నవ్వుతూనే చున్నీతో కళ్లు తుడుచుకుంది. లేచి బయటికెళ్లి సమోసాల పొట్లం తెచ్చింది. చల్లారి గట్టిపడిన సమోసాలను ఇద్దరూ ఆ మెత్తటి గోడల మధ్యే కూర్చుని తిన్నారు. తింటూ మాట్లాడితే పెదాలు చదవడం కష్టమని రత్నాకర్ చెప్పాడు. నోట్లో ముక్క మింగేదాకా వాసంతి మాట్లాడకుండా ఆగింది. ఆగడం ఆమెకు చేతకాని పని. అయినా ఆగింది.

“లే. మా ఇంటికి పోదాం,” అంది చివరికి.

“ఇప్పుడా?”

“ఫోన్‌ల చెప్పలేని మాట ఎదురుంగ నిలబడి చెప్పు. మా అమ్మ ఏమన్నా అననీ. పక్కన నేనుంట కద.”

కింద రత్నాకర్ బండి స్టార్ట్ చేయబోతున్నవాడల్లా ఆగిపోయాడు. వాసంతి వెనక ఎక్కబోయి ఆగి, ముందుకొచ్చి నిలబడి అడుగుతోంది.

“ఇన్ని రోజులు బండి మీద ఎన్క కూర్చుని నేను చెప్పినవన్నీ?”

రత్నాకర్ తల గోక్కున్నాడు. “గాలి. పైంగ నువ్వు ఎన్క. హెల్మెట్ ఒకటి. ‘ఆఁ, ఆఁ’ అనేటోణ్ని.”

“ఒక్కటి గూడ వినలే?”

“ఒక్కటి గూడ.”

“హబ్సిగూడ సిగ్నల్ దగ్గర వానల నేనొక మాట అన్న. దానికి గూడ ‘ఆఁ’ అన్నవ్. ఆ ‘ఆఁ’ పట్టుకుని నేను ఎంత సంబరపడ్డనో తెలుసా?”

“ఏమన్నవ్?” అన్నాడు రత్నాకర్ ఆత్రంగా. “మళ్లా అను.”

“ఇప్పుడు కాదు. మా అమ్మ దగ్గర గెలిచి రా, అప్పుడంటా,” అని వాసంతి వెనక ఎక్కింది. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. ఎడమకు తిరగాల్సినచోట ఎడమ భుజం నొక్కింది, కుడికి తిరగాల్సినచోట కుడి భుజం. తార్నాక మెట్రో కింది రద్దీలో ఒక ఆటో అడ్డదిడ్డంగా దూసుకొస్తుంటే గట్టిగా పట్టుకుంది. అతను బ్రేకు వేశాడు. మాట అవసరం పడలేదు.

వీధి చివర బండి ఆపి రత్నాకర్ బ్యాగులోంచి చిన్న డబ్బా తీశాడు. అందులోంచి మిషిన్ తీసి కుడిచెవికి పెట్టుకున్నాడు. దాన్ని కప్పేలా జుట్టు దువ్వుకోలేదు.

ఉప్పలమ్మ ముందు గదిలో కుట్టుమిషిను మీద జాకెట్టు కుడుతోంది. రైల్వేలో భర్త సామేలు జీతంతో ఇల్లు నడుస్తున్న రోజుల్లోనూ ఆమె ఆ మిషిను వదల్లేదు, ఆయన రిటైరయ్యాకా వదల్లేదు. పెదాల మధ్య గుండుసూదులు బిగించి పట్టుకుని, తల వంచుకుని, మిషిను గడగడలాడిస్తోంది. ఇద్దరూ గుమ్మంలోకి వచ్చిన సంగతి ఆమెకు తెలుసు. తలెత్తలేదు.

“వచ్చిండా ఫోనెత్తని దొర?” అంది సూదుల మధ్యనుంచి. “మీటింగులు అయిపోయినయా?”

వాసంతి చప్పున రత్నాకర్ వైపు చూసింది. వంచిన తల, బిగించిన పెదాలు, మిషిను రొద. అతనికి ఒక్క ముక్క కూడా అందదు. ఇలాంటప్పుడు అతను ఏం చేస్తాడో ఆమెకు ఇప్పుడు తెలుసు. నవ్వి తలూపుతాడు. ఆ నవ్వు అతని ముఖం మీదికి రాబోయింది కూడా. ఆమె జవాబు చెప్పేందుకు నోరు తెరిచింది. రత్నాకర్ చేత్తో వద్దన్నాడు.

“ఆంటీ, మీరన్న మాట నాకు అందలే,” అన్నాడు. “నాకు వినబడదు. ఎడమ చెవి పూరా పోయింది. కుడిది సగం. మనిషి నోరు కనబడితేనే నాకు మాట తెలుస్తది. అందుకే మీ ఫోన్ ఎత్తలే. పొగరు కాదాంటీ. భయం.”

మిషిను ఆగింది.

ఉప్పలమ్మ తలెత్తి అతన్ని చూసింది. అతని చెవికి ఉన్న మిషిన్‌ను చూసింది. కూతురి వాచిన కళ్లు చూసింది. పెదాల మధ్య ఉన్న గుండుసూదులను ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది.

“గీ ముచ్చట మెసేజ్‌ల రాయరాదు బిడ్డా?” అంది.

“రాసిన. పంపలే.”

“ఎందుకు?”

“పంపితే మీ బిడ్డను ఇయ్యరేమోనని.”

ఉప్పలమ్మ చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. కొంగు ముఖం మీద నుంచి దించాకే మాట్లాడింది. అది ఆమె కావాలని చేసిందో, అట్లా జరిగిపోయిందో గానీ వాసంతి గమనించింది.

“తిన్నవా?”

“సమోసా తిన్న.”

“అదొక తిండా? కూసో. గాడ కాదు, గా కుర్చీల ఎల్తురు రాదు. గీడ కూసో, నా మొఖం కనబడేటట్టు.”

కిటికీ పక్క కుర్చీని ఆమే లాగి వేసింది. దాని ఎదురుగా తన స్టూలు జరుపుకుంది. వెలుతురు ఆమె ముఖం మీద పడుతోంది. వాసంతికి ఆ క్షణంలో తల్లిని గట్టిగా పట్టుకోవాలనిపించింది. తన పరిశోధనలో తను ఎన్నో పేజీల్లో రాసిన మాటను తల్లి కుర్చీ జరిపి చెప్పేసింది.

రత్నాకర్ కూర్చున్నాడు. అతని భుజాలు అప్పటిదాకా బిగుసుకుని ఉన్నట్టు, అవి కిందికి దిగాకే తెలిసింది.

“నువ్వు పోయి చాయ్ పెట్టు,” అంది ఉప్పలమ్మ కూతురితో.

“పెడ్త. మీరు మాట్లాడుకోండ్రి, నేను గీడనే ఉంట.”

“పొమ్మంటున్న కదనే.”

“నా ముంగట మాట్లాడని ముచ్చట ఏముంటది?”

ఉప్పలమ్మ నిట్టూర్చింది. “నేను ఫోన్ చేసింది మీ పెండ్లి ఆపుదామని అనుకున్నవానే? కాదు. ఈ పిల్లగానికి ఒక్క ముచ్చట చెప్పాలె. నీ ముంగట చెప్పేది కాదు. మీ డాడీ ముంగట అసలే కాదు. ఆయన చర్చిల కోయిర్ పాటల ప్రాక్టీస్‌కు పోయిండు, ఇగ వస్తడు.”

వాసంతి వంటగది గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడింది. అలకకో, మొండితనానికో తెలియదు. కదలలేదు.

ఉప్పలమ్మ ఆమెను ఒకసారి చూసింది. తర్వాత రత్నాకర్ వైపు తిరిగింది.

“పెదాలు కనబడితే చాలంటివి కద?”

“ఆఁ ఆంటీ.”

ఆమె స్టూలును ఇంకొంచెం జరుపుకుని కూతురికి పూర్తిగా వీపు పెట్టింది. ఆ తర్వాత ఆ గదిలో ఏ శబ్దమూ లేదు. వాసంతికి తల్లి కొప్పు మెల్లగా కదలడం, చేతివేళ్లు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకోవడం మాత్రమే కనిపించాయి. గొంతు లేకుండా, ఉత్త పెదాలతో ఉప్పలమ్మ మాట్లాడుతోంది. పక్క గదిలోని మాట కూడా వినగల వాసంతికి ఆ మాటలు అందలేదు. రత్నాకర్‌కు మాత్రం ఒక్కొక్కటీ అందుతున్నాయి.

ఆమె రత్నాకర్ ముఖాన్నే చూస్తూ నిలబడింది. మొదట అది శ్రద్ధగా వింటున్న ముఖం. తర్వాత కనుబొమలు దగ్గరయ్యాయి. ఒకచోట అర్థం కానట్టు చెయ్యెత్తి మళ్లీ చెప్పమని సైగ చేశాడు. ఉప్పలమ్మ మళ్లీ చెప్పింది. ఈసారి అతని పెదాలు తెలియకుండానే తెరుచుకున్నాయి.

“అంకుల్‌కు తెలుసా?” అన్నాడు పైకి.

ఉప్పలమ్మ తల అడ్డంగా ఊపింది.

అప్పుడే గేటు చప్పుడయింది. చేతిలో కూరగాయల సంచితో, ప్రాక్టీసులో పాడి వచ్చిన పాటనే ఇంకా కూనిరాగం తీస్తూ సామేలు లోపలికొచ్చాడు. మనిషి ఎప్పటిలాగే హుషారుగా ఉన్నాడు.

“అరె, అల్లుడు! ఎప్పుడొచ్చినవయ్యా? వీళ్లు చాయన్న పోసిన్రా లేదా?”

రత్నాకర్ లేచి ఎదురెళ్లాడు. సంచి అందుకుని కింద పెట్టాడు. సామేలు చెయ్యిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ చెయ్యిని వదలలేదు. సామేలు నవ్వుతూ, “ఏందయ్యా, గింత ప్రేమ?” అన్నాడు.

ఉప్పలమ్మ మళ్లీ కుట్టుమిషిను ముందు కూర్చుంది. దారం ఎక్కించబోతోంది. ఎక్కడం లేదు.

వాసంతి చరచరా వచ్చి రత్నాకర్ ఎదురుగా నిలబడింది. తండ్రికి వినబడకుండా, గొంతు లేకుండా, పెదాలతో మాత్రమే అడిగింది.

“అమ్మ ఏం చెప్పింది?”

రత్నాకర్ ఆమె పెదాలను చూశాడు. ప్రశ్న అందిందని అతని కళ్లు చెప్పాయి. ఆ కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి. ఆమె మళ్లీ పెదాలు కదపబోయేలోగా, వాళ్లిద్దరి పరిచయంలో మొట్టమొదటిసారి, అతను ముఖం పక్కకు తిప్పేసుకున్నాడు.